తడవని పిల్ల

వానలో సైకిల్ తొక్కుకుంటూ బడికి వెళ్ళిన పిల్ల పొడిబట్టలతో ఇంటికొస్తే ఏ తల్లయినా సంతోషిస్తుంది. నాకు మాత్రం అనుమానం వచ్చింది. అది నా గుణం అంటారు మా ఆయన. పాలు తెల్లగా ఉన్నా ఎందుకున్నాయని అడుగుతానట. అడిగితే తప్పేముంది? పాలు తెల్లగానే ఉంటాయి, అందులో ఎన్ని నీళ్ళున్నాయన్నదే ప్రశ్న.

నీళ్ళ సంగతి నాకు కాస్త తెలుసు. నేను పనిచేసేది రెయిన్‌కోట్లు కుట్టే వర్క్‌షాపులో. సూది దిగిన ప్రతి చోటా ఒక చిల్లి పడుతుంది. ఆ చిల్లుల వరసల మీద వేడి టేపు అంటించడం నా పని. ఎంత బాగా అంటించినా ఆ కోటు నిలబడ్డవాడికే పూర్తిగా పనికొస్తుంది. నడిచేవాడు సగం తడుస్తాడు. ఇక సైకిల్ తొక్కేవాడి గురించి చెప్పనే అక్కర్లేదు. మోకాళ్ళు పైకీ కిందికీ ఆడుతుంటే కోటు అంచు తొడల మీంచి జారిపోతుంది, ఒళ్ళో నీళ్ళు నిలుస్తాయి. మణికట్టు దగ్గర దూరిన నీళ్ళు మోచేతుల దాకా పాకుతాయి. వెనక చక్రం వీపంతా బురద చిమ్ముతుంది. ఇవన్నీ తప్పించుకున్నా, లోపల పట్టిన చెమటకి చొక్కా తడవక మానదు. ఈ రహస్యం మా వర్క్‌షాపులో అందరికీ తెలుసు, కొనేవాళ్ళకి తప్ప.

అందుకే నా కూతురు పొడిగా ఉందంటే నేను నమ్మలేదు.

దాన్ని ఇంట్లో పిట్ట అంటాం. తొమ్మిదో తరగతి. మనిషి పిట్టంతే గానీ పట్టుదల ఏనుగంత. వంతెన అవతలి పెద్ద బడిలో పరీక్ష రాసి సీటు తెచ్చుకుంది. ఆ బడికి బస్సు లేదు. బస్సు కండక్టరు కూతురై ఉండి బస్సు లేని బడికి వెళ్తానంటుందేమిటని మా ఆయన మొత్తుకున్నారు. సైకిల్ కొనిస్తే చాలంది. ఆయన ఒకే ఒక్క షరతు పెట్టి కొన్నారు. పిట్ట ఒక్కసారి దగ్గిందా, సైకిల్ తాళం ఆయన చేతికి వెళ్తుంది, పిట్ట మా వీధి చివరి బడికి వస్తుంది.

ఆ షరతుకి కారణం ఉంది. పిట్టకి నాలుగేళ్ళప్పుడు మేమెక్కిన బస్సు దారిలో ఆగిపోతే వానలో దాన్ని ఎత్తుకుని నడిచొచ్చాను. నా పైబట్ట తీసి దానికి కప్పాను, అయినా తడిసింది. జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆసుపత్రిలో మంచం మీద అది ఎగశ్వాసతో పడి ఉంటే మా ఆడపడుచు వచ్చి, వార్డులో అందరూ వింటుండగా, "తల్లివై ఉండి పిల్లని తడిపేశావా?" అంది. వాన నా చేతిలో ఉందా? బస్సు నేను ఆపానా? ఆ మాట అనకూడదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఆ రోజుతో ఆవిడకి మేమూ, మాకు ఆవిడా లేము. మా ఆయన నా మాట కాదనలేక ఊరుకున్నారు.

పిట్ట కోలుకుంది. డాక్టరు మాత్రం ఒకటి గట్టిగా చెప్పాడు. "తడిస్తే ఏం కాదమ్మా, ఇంటికొచ్చి బట్టలు మార్చుకుంటే సరి. తడిబట్టల్లో గంటల తరబడి కూర్చోకూడదు. అదే దీనికి ముప్పు."

అంటే సాయంత్రం వాన మాకు శత్రువు కాదు. ముద్దయి వచ్చినా తల తుడిచి, వేడినీళ్ళు పోసి, దుప్పటి కప్పేస్తాను. పొద్దున వానే శత్రువు. బడికి వెళ్ళేసరికి తడిస్తే ఆ తడిలోనే సాయంత్రం దాకా కూర్చోవాలి. అక్కడ బట్టలు మార్చుకునే గది లేదు. ఉన్న మరుగుదొడ్డిలో నేలంతా నీళ్ళు, తగిలించడానికి మేకు కూడా ఉండదట.

ఈ వానాకాలం మొదలవుతూనే మేం చెయ్యని ప్రయత్నం లేదు. పసుపురంగు కోటు నేనే కుట్టాను, కుట్టు కుట్టుకీ రెండేసి టేపులు వేశాను. ముందు భాగం హ్యాండిల్ మీద కప్పేంత పొడుగు పెట్టాను. మేజోళ్ళ మీద ప్లాస్టిక్ సంచులు కట్టి, మడమ దగ్గర రబ్బరు వేశాను. పాత టైరు ముక్క కోసి వెనక బురదరేకుకి బిగించాను. వీధిలో వాళ్ళు నవ్వారు. నవ్విన నాపచేనే పండుతుందని ఊరుకున్నాను. పండలేదు. మొదటి వానలకి పిట్ట సాయంత్రం ఇంటికొచ్చేసరికి లోపలి చొక్కా ఇంకా చెమ్మగానే ఉంది, వీపు మీద బురద ఎండి పెళ్ళలు కట్టింది. అది దగ్గుతుందేమోనని చెవులు రిక్కించుకుని పడుకునేదాన్ని. నాకంటే ముందే మా ఆయన రిక్కించుకుని ఉండేవారు.

ఆ తరవాత ఒక వారం, పొద్దున్నే కుండపోత వాన పట్టుకుంది. పిట్ట వెళ్ళడం కిటికీలోంచి చూశాను. వీధి మలుపు తిరక్కముందే చక్రాలు సగం మునిగాయి. సాయంత్రం తిరిగొచ్చింది. బురద లేదు. చెమ్మ లేదు. చొక్కా పెళపెళలాడుతోంది.

"తడవలేదుటే?"

"తడిశానమ్మా. బళ్ళో ఫ్యాను కింద కూర్చున్నా. ఆరిపోయింది."

"ఫ్యాను ఆరబెడుతుందేమో గానీ ఇస్త్రీ కూడా చేస్తుందా?"

ఒంటి మీద చుక్క నీరు లేదు గానీ నోట్లో మాత్రం నీళ్ళు నమిలింది. బ్యాగు తీసుకుని లోపలికి పోయింది.

నేను ఊరుకునే రకం కాదు. ఆ రాత్రి ఉతకడానికి తీస్తూ స్కర్టు పరిచి చూశాను. పొద్దున నేను ఇస్త్రీ చేసినప్పుడు ప్లీట్ల మడత ఎడమ వైపుకి పెడతాను. మా అమ్మ అలాగే నేర్పింది, నా చెయ్యి మరోలా తిరగదు. ఇప్పుడు మడతలన్నీ కుడి వైపుకి తిరిగి ఉన్నాయి. కత్తి అంచుల్లా ఉన్నాయి. నా జన్మలో అంత బాగా ఇస్త్రీ చెయ్యలేదు. అంటే నా కూతురు ఎక్కడో బట్టలు విప్పింది, ఎవరో వాటిని ఆరబెట్టి ఇస్త్రీ చేశారు.

చొక్కా కాలర్ తిప్పి చూస్తే అసలు సంగతి బయటపడింది. లోపలి వైపు, మెడకి తగిలే చోట, చిన్న ఎర్రదారం కుట్టు. రెండు పోట్లు నిలువుగా, ఒకటి అడ్డంగా. అది నా కుట్టు కాదు. దర్జీ కుట్టూ కాదు. ఎవరో చేత్తో, తీరుబడిగా వేసిన కుట్టు. బ్లేడుతో పీకి పారేశాను.

రెండు రోజులకి ఆ దారం మళ్ళీ మొలిచింది. అదే చోట, అదే ఎరుపు.

మర్నాడు వర్క్‌షాపుకి ఆ చొక్కా సంచీలో వేసుకెళ్ళి బొత్తాలావిడకి చూపించాను. ఆవిడ నా పక్క బల్ల మీద కోట్లకి బొత్తాలు కుడుతుంది. ముగ్గురు కూతుళ్ళకి పెళ్ళిళ్ళు చేసిన మనిషి, లోకం చూసింది. ఆవిడైనా నేనైనా ఇంటి బట్టలు బయట ఉతకడానికి వేసిన పాపాన పోలేదు గనక, మా ఇద్దరికీ ఆ కుట్టు అంతుపట్టలేదు. కళ్ళజోడు పైకి తోసి, దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇది గుర్తమ్మా," అంది.

"ఏం గుర్తు?"

"ఇది నాది అని పెట్టుకునే గుర్తు. పీకేస్తే మళ్ళీ కుట్టారంటే, వదులుకునే ఉద్దేశం లేదన్నమాట."

ఆ రోజు నేను వేసిన టేపు ఒక్కటీ తిన్నగా పడలేదు, సూపర్‌వైజరు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

ఇక ఇంట్లో ప్రతిదీ అనుమానమే అయింది. పిట్ట అద్దంలో చూసుకుంటే ఎందుకు చూసుకుంది? చూసుకోకపోతే ఎందుకు చూసుకోలేదు? పొద్దున్నే లేచి ఆకాశం వైపు చూసి, మబ్బుంటే దాని మొహం వెలిగేది. వాన వస్తే బిక్కమొహం వెయ్యాల్సిన పిల్ల వానొస్తే సంబరపడుతోంది. బడి టైముకంటే ముందే బయలుదేరుతోంది. "దారి బురదగా ఉంటుందమ్మా, మెల్లిగా తొక్కాలి," అంటుంది. పైగా ఎండ కాసిన రోజున ఉసూరుమంటూ వెళ్తుంది. మా ఆయనకి చెబుదామని నోటిదాకా వచ్చేది. చెబితే ఆ రాత్రే తాళం ఆయన జేబులోకి వెళ్తుంది. పిట్ట బడి పోతుంది. అది ఎంత కష్టపడి తెచ్చుకున్న సీటో నాకు తెలుసు. చెప్పకపోతే రేపు ఏమైనా జరిగితే ఆ పాపం నా నెత్తిన. మింగలేక కక్కలేక ఉండిపోయాను.

మా ఆయన మాత్రం నిశ్చింతగా ఉన్నారు. ఈ మధ్య డిపో చొక్కాలు ఉతికే బాధ కూడా నాకు తప్పింది. డిపోలోనే ఉతికి ఇస్త్రీ చేసే వసతి పెట్టారట. నీటుగా తయారై, "పిట్ట దగ్గడం లేదు చూశావా? నువ్వు కుట్టిన కోటు గొప్పతనమే," అని నన్నే మెచ్చుకునేవారు. ఆ కోటు సంగతి నాకు తెలుసు. తల ఊపేదాన్ని.

ఒక సాయంత్రం నేను స్నానాల గదిలో బట్టలు ఉతుకుతుంటే, పిట్ట నా ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళింది. గొంతు తగ్గించింది. గొంతు తగ్గించారంటే నాకు చెవులు పెరుగుతాయి. నీళ్ళ చప్పుడుకి వినపడటం లేదని కుళాయి కట్టేశాను. కట్టేస్తే అదీ పసిగడుతుందని మళ్ళీ సన్నగా విప్పాను.

"రేపూ వానేనట... వస్తాను అత్తయ్యా... లేదు, అమ్మకి తెలీదు. తెలిస్తే ఇంకేమైనా ఉందా?... మీరేం చెప్పొద్దు అత్తయ్యా, ప్లీజ్... సరే, పొద్దున్నే వస్తా."

బయటికి వచ్చేసరికి ఫోను బల్ల మీద ఉంది. తీసి చూస్తే నంబరు చెరిపేసి ఉంది. పిట్ట లెక్కలు చేసుకుంటోంది, పుస్తకంలో తలదూర్చి, మహా బుద్ధిమంతురాల్లా.

అత్తయ్య! నాకు అన్నదమ్ములు లేరు, కాబట్టి మేనమామ భార్య అనే వరస లేదు. స్నేహితురాళ్ళ అమ్మల్ని ఇది ఆంటీ అంటుంది. పక్కింటావిణ్ణి పిన్ని అంటుంది. వేళ్ళు మడిచి మరీ లెక్కపెట్టాను. ఈ పిల్ల అత్తయ్యా అని పిలవదగ్గ మనిషి ఎవరూ తేలలేదు. ఇక మిగిలింది ఒకటే వరస. కాబోయే అత్తగారు.

మర్నాడు బొత్తాలావిడ ఆ అనుమానానికి బొత్తాం కూడా కుట్టేసింది. "పిల్లాడుంటేనే కదమ్మా అత్తయ్య ఉండేది! ఇప్పటి పిల్లలు మహా ముదుర్లు. ముందు వాళ్ళమ్మని మంచి చేసుకుంటారు. ఆవిడగారు కాబోయే కోడలి బట్టలు ఇస్త్రీ చేసి పెడుతోందంటే, అక్కడ అన్నీ మాట్లాడేసుకున్నట్టే. నీకే ఇంకా చెప్పలేదు."

నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. పద్నాలుగేళ్ళ పిల్ల. పలక పట్టించిన చెయ్యి ఇది, జ్వరమొస్తే పది నిమిషాలకొకసారి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసిన చెయ్యి ఇది. దీన్ని దాటి ఎవరో పొడి తువ్వాలు చూపించి నా పిల్లని లాక్కుపోతున్నారు. ఆ రాత్రి సైకిల్ రెండో తాళంచెవి మేకు మీంచి తీసి సంచీలో వేసుకున్నాను. రేపు ఆ ఇల్లు నా కళ్ళతో చూస్తాను. అనుమానం నిజమైతే సాయంత్రం ఈ చెవి మా ఆయన చేతిలో పెడతాను. బడి పోతే పోయింది.

పొద్దున్నే పని ఎక్కువుందని అబద్ధం చెప్పి, పిట్టకంటే ముందే బయలుదేరాను. వాన ఆకాశం చిల్లు పడ్డట్టు పడుతోంది. వంతెన మొదట్లో టీకొట్టు రేకు కింద నిలబడ్డాను. అక్కడ ఎత్తు ఎక్కువ, ఎంత పోటుగాళ్ళయినా సైకిల్ దిగి నెట్టుకుంటూ వెళ్ళాల్సిందే. పిట్ట కూడా దిగుతుంది, అప్పుడు నడిచి వెంబడించొచ్చు. అంతవరకూ నా పథకం బాగానే ఉంది.

పసుపు కోటు కనపడింది. నేను కుట్టిన కోటు, ఎక్కడున్నా పోలుస్తాను. తల వంచి, గాలికి ఎదురుగా సైకిల్ నెట్టుకుంటూ వస్తోంది. ప్లాస్టిక్ సంచుల్లోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆ బక్క భుజాలు చూస్తే పరుగెత్తి సైకిల్ అందుకుందామనిపించింది. పళ్ళు బిగబట్టుకుని వెనక నడిచాను. వంతెన మధ్యలో గాలికి నా గొడుగు పువ్వులా విచ్చుకుంది. దాన్ని సరిచేసేలోపు ఊచలు రెండు విరిగాయి. రెయిన్‌కోట్లు కుట్టేదాన్ని, ఒంటి మీద ఉన్నది మాత్రం వర్క్‌షాపు నూలుకోటు. క్షణంలో తడిసి ముద్దయ్యాను.

వంతెన దిగాక పిట్ట బడి వైపు తిరగలేదు. ఎడమకి, ఒక ఇరుకు సందులోకి తిరిగింది. నా అనుమానం రూఢి అయిపోయింది. ఆ సందులో ఒక గుమ్మం ముందు సైకిల్ ఆపి, తలుపు తోసుకుని, పుట్టింటికి వెళ్ళినంత చనువుగా లోపలికి వెళ్ళింది.

ఎదురుగా గోడవార నిలబడి ఒక్క నిమిషం ఊపిరి తీసుకున్నాను. అనాల్సిన మాటలన్నీ దారిలో కూర్చుకునే వచ్చాను. 'ఏమమ్మా, మీకు ఆడపిల్లలుంటే ఇలాగే చేస్తారా' దగ్గర మొదలుపెట్టి, 'మీ అబ్బాయిని ఒకసారి బయటికి పిలవండి' దాకా. తాళంచెవి గుప్పిట్లో బిగించి, సందు దాటి, తలుపు తోశాను.

వేడి ఆవిరి మొహానికి కొట్టింది. అది ఇల్లు కాదు. లాండ్రీ. ఒక పక్క గుండ్రటి అద్దాల మెషీన్లు తిరుగుతున్నాయి, ఇంకో పక్క ఇస్త్రీ బల్ల, గోడ పొడుగునా మడతపెట్టిన బట్టల అరలు. పిట్ట అప్పటికే పొడి చొక్కా వేసుకుంది. అటు తిరిగి నిలబడ్డ ఒకావిడ దాని తల తువ్వాలుతో రుద్దుతోంది. అబ్బాయి లేడు. ఏ వయసు అబ్బాయీ లేడు.

"మెడ వెనక సరిగ్గా తుడుచుకో. మొన్న అలాగే వదిలేశావు," అంటోంది ఆవిడ.

ఆ గొంతు విన్నాను. వార్డులో మంచాల వరస మధ్య నిలబడి అందరూ వినేలా ఒక మాట అన్న గొంతు. పదేళ్ళు నా చెవిలోంచి పోని గొంతు. వరసలు లెక్కపెట్టినప్పుడు నేను మడవకుండా వదిలేసిన వేలు అది. మా ఆడపడుచు. మా ఆయనకి అక్క. పిట్టకి సాక్షాత్తూ మేనత్త.

"అమ్మా!" అంది పిట్ట. మొహం సున్నం కొట్టినట్టయింది.

ఆవిడ తిరిగింది. జుట్టు సగం నెరిసింది. నన్ను పైనుంచి కింది దాకా చూసింది. నా కోటు అంచుల్నుంచి కారిన నీళ్ళు ఆవిడ శుభ్రమైన గచ్చు మీద మడుగు కడుతున్నాయి.

"లోపలికి రా," అంది.

"నేను రావడానికి రాలేదు."

"మరి వెళ్ళడానికి వచ్చావా? తలుపెయ్యి, ఆవిరి పోతోంది."

తలుపు వేశాను. వేసినందుకు నా మీద నాకే ఒళ్ళుమండింది. "నా పిల్లని నాకు తెలియకుండా మచ్చిక చేసుకుంటావా? నేను దారిపొడుగునా ఏమేం ఊహించుకుని చచ్చానో తెలుసా? తడిగుడ్డతో గొంతు కోశావు వదినా!"

"ఇక్కడ తడిగుడ్డలు ఉండవు," అంది ఆవిడ. "అన్నీ ఆరబెట్టేస్తాం."

పిట్టకి నవ్వొచ్చింది. నా మొహం చూసి మింగేసింది. వచ్చి నా చెయ్యి పట్టుకుంది. దాని చెయ్యి వెచ్చగా ఉంది.

"అత్తయ్య తప్పేం లేదమ్మా. ఆ కుండపోత వాన మొదలైన రోజు చలికి పళ్ళు టకటకమన్నాయి. దగ్గొచ్చేసింది. దగ్గితే సైకిల్ పోతుంది కదా. ఇక్కడ బయట వెచ్చగా ఆవిరి వస్తుంటే గోడకి ఆనుకుని నిలబడ్డాను. తనే లోపలికి లాక్కొచ్చారు."

"ఎవరి పిల్లవని అడగనేలేదు," అంది వదిన. "తువ్వాలు తీసి తల తుడుస్తుంటే మా తమ్ముడి చెవులు కనపడ్డాయి. ఆ చెవులు ఇంకెవరికి వస్తాయి?"

"మీరెవరని అడిగితే నీకు అత్తయ్యనన్నారు," అంది పిట్ట. "అందుకే అత్తయ్యా అన్నాను. ఇంకేమని పిలవాలమ్మా?"

దాని వరస అది తిన్నగా పిలిచింది. వంకర అంతా నా చెవుల్లో ఉంది. కాబోయే అత్తగారిని ఊహించుకున్నాను గానీ, ఉన్న మేనత్త గుర్తు రాలేదు.

వదిన తువ్వాలు మడతపెడుతూ నా వైపు చూడకుండా మాట్లాడింది. "ఆ రోజు ఆ మాట అనాల్సింది కాదు. పిల్ల ఊపిరి చూసి హడలిపోయాను. నాకు భయమేస్తే నోరు ఆగదు. బయటికొచ్చాక మెట్ల మీదే తెలిసింది ఎంత మాటన్నానో. వెనక్కి వద్దామనుకున్నా. నువ్వు తలుపు తియ్యవని తెలుసు."

"తీసేదాన్ని కాదు," అన్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి?

"అప్పట్నుంచి వానొస్తే చాలు, ఆ మాటే గుర్తొచ్చేది. ఇప్పుడు వానొస్తే ఇది వస్తోంది." ఆవిడ మడతపెట్టిన తువ్వాలు అరలో పెట్టింది. "నీకు చెప్పమని రోజూ దీనితో అంటూనే ఉన్నాను. చెబితే సైకిల్ పోతుందని ఏడుస్తుంది."

నాకు ఏడుపొచ్చింది. కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఆ కుండపోత మొదలైన దగ్గర్నుంచీ నా పిల్ల ఒక్క రోజు కూడా తడిబట్టల్లో కూర్చోలేదు. నా రెండేసి టేపులు చెయ్యలేని పని ఈవిడ ఒక తువ్వాలుతో చేసింది. పదేళ్ళు నేను మోసిన మాట అక్కడే ఉంది, పోలేదు. కానీ దాని పక్కన ఇప్పుడు ఇది కూడా ఉంది.

కళ్ళు తుడుచుకోవడానికి అటు తిరిగాను. అరల్లో ఒకటి విడిగా ఉంది. అందులో పిట్ట యూనిఫాం ఇంకో జత, ప్లీట్లన్నీ కుడి వైపుకి తిప్పి. దాని కింద, మడత నలగకుండా, రెండు డిపో చొక్కాలు. భుజం మీద నంబరు మా ఆయనది.

"ఇవేమిటి?" అన్నాను.

వదిన మెషీన్ వైపు చూసింది. పిట్ట నోరు తెరిచింది. "నాన్నవా? నాన్న ఇక్కడికి వస్తారా?"

"ఎప్పట్నుంచో," అంది వదిన. "డ్యూటీ దిగాక వచ్చి టీ తాగి పోతాడు. నువ్వు పొద్దున, వాడు సాయంత్రం. ఒకరి సంగతి ఒకరికి చెప్పొద్దని ఇద్దరూ ఒట్టు వేయించుకున్నారు. నేనేం చెయ్యను?"

డిపోలో ఇస్త్రీ వసతి! అనుమానాల పుట్టనని పేరు పడ్డదాన్ని, పిల్ల కాలర్లు తిప్పి తిప్పి చూశాను గానీ మొగుడి చొక్కా వైపు ఒక్కసారి కన్నెత్తి చూడలేదు. నవ్వాలో తిట్టాలో తెలియక తుమ్మాను.

"నాన్నకి చెప్పకమ్మా," అంది పిట్ట గబగబా. "సైకిల్ తీసేసుకుంటారు."

"తీసుకోమను చూస్తాను. ఈ చొక్కా తీసుకెళ్ళి ఆయన ముందు పెడతాను. ఇక తాళాల ఊసెత్తితే అడుగు." గుప్పిట్లో ఉన్న తాళంచెవి దాని అరచేతిలో పెట్టాను. గట్టిగా పట్టుకున్నందుకు నా చేతిలో గుంట పడింది. "ఇది నీ దగ్గరే ఉంచుకో. బడికి వేళవుతోంది, పో. పొద్దున వానొస్తే ఇటే రా."

పిట్ట మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ కోటు తొడుక్కుంది. నేను మళ్ళీ తుమ్మాను.

"ముందు ఆ తడి కోటు విప్పు," అంది వదిన. "తడిబట్టల్లో నిలబడకు."

ఆ మాట ఆవిడ నోటి నుంచే రావాలి. విప్పి ఇచ్చాను. ఆవిడ పిండి, కాలర్ తిప్పి, గోడకి ఉన్న పెట్టెలోంచి సూది తీసింది. మెషీన్‌లో వెయ్యబోయే ప్రతి బట్టకీ దారంతో గుర్తు కుట్టాలట, లేకపోతే ఎవరిది ఎవరికి పోతుందో తెలియదు. పెట్టెలో దారపు ఉండలు రంగురంగులవి ఉన్నాయి.

"ఖాతాదార్లకి నీలం, ఆకుపచ్చ, పసుపు," అంది గుమ్మం దగ్గర ఆగిన పిట్ట, ఉండబట్టలేక. "ఎరుపు ఇంటివాళ్ళకి మాత్రమే. కదా అత్తయ్యా?"

వదిన సూది పట్టుకుని ఆగింది. తల ఎత్తలేదు. "నీ కోటు. నువ్వే చెప్పు, ఏ దారం ఎక్కించమంటావో."

మెషీన్ తిరుగుతోంది. పిట్ట గుమ్మం దగ్గర్నుంచి కదల్లేదు.

"ఎరుపే ఎక్కించు," అన్నాను. "గట్టిగా కుట్టు వదినా. ఈసారి ఎవరు పీకినా రాకూడదు."